మెడ దిగువ సంగతులు

మన 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షను ఒకటుంది. బండెక్కితే హెల్మెట్ పెట్టుకోవాలంటుంది. సింగపూరు చట్టం చెప్పేదీ అదే. రెండూ మెడ దగ్గరే ఆగిపోతాయి. ఆ కింద ఏం తొడుక్కోవాలన్నది మన ఇష్టం. మా ఊళ్ళో ఆ ఇష్టం లుంగీ, హవాయి చెప్పులు. నేను పనిచేసే రాఫెల్స్ ప్లేస్‌లో ఇస్త్రీ చొక్కా, మెళ్ళో ఆఫీసు కార్డు.

చట్టాలు తలని మాత్రమే పట్టించుకోవడం వెనక ఓ కథుంది. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో బండి మీంచి పడి, తలకి దెబ్బ తగిలి, ఆరు రోజుల తర్వాత పోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఉన్నాడు. కెయిర్న్స్ ఆ విషయాన్ని అక్కడితో వదల్లేదు. సైన్యంలో ఉత్తరాలు మోసే బండివాళ్ళ చావుల్ని లెక్కగట్టి, హెల్మెట్ ప్రాణాలు కాస్తుందని 1941లో వ్యాసం రాశాడు. అది బ్రిటన్‌లో అందరికీ చట్టం కావడానికి 1973 దాకా పట్టింది! తలకే అంత కాలం పడితే మోచేతుల గోడు ఎవరికి పడుతుంది చెప్పండి?

అన్నట్టు, చట్టం చెప్పకపోయినా బండివాళ్ళు తమ దారి తాము వెతుక్కున్నారు. 1924లో పూర్తయిన కాజ్‌వే మీదుగా రోజూ పొద్దున్నే జొహోర్ నుంచి వేల బండ్లు సింగపూరులోకి వస్తాయి. చాలామంది పల్చటి జాకెట్టుని ముందువైపు వెనక్కి వచ్చేలా తిరగేసి తొడుక్కుంటారు. ఎదురుగాలి, పురుగులు, వాన చినుకులు ముందు ఆగిపోతాయి, వెనక గాలాడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు నవ్వుతారు గానీ, ఈ ఉక్కపోతకి అంతకన్నా తెలివైన ఉపాయం లేదు. కాకపోతే అది గాలికే. తారురోడ్డు మీద జారితే ఆ నైలాను గుడ్డ క్షణంలో చిరిగిపోతుంది.

రోడ్డుకి అడ్డంపడేది తోలు. 1928లో న్యూయార్కులో ఇర్వింగ్ షాట్ అనే ఆయన జిప్పున్న తోలు జాకెట్టు కుట్టి 'పర్ఫెక్టో' అని పేరుపెట్టాడు. అది ఆయనకిష్టమైన చుట్ట పేరట! ధర ఐదున్నర డాలర్లు. 1953లో ఓ సినిమాలో మార్లన్ బ్రాండో అలాంటిదే వేసుకునేసరికి, బండి లేనివాళ్ళు కూడా కొనడం మొదలెట్టారు. అలా బండివాడి బట్ట వీధిలో ఫ్యాషనయ్యింది. ఇప్పుడు దానికి తిరగబడి, వీధిలో వేసుకునే చొక్కా, హూడీ బండివాడి కవచమవుతున్నాయి. భూమధ్యరేఖకి అంగుళం దూరంలో తోలు తొడుక్కుని, అదే అవతారంతో మీటింగులో కూర్చోవడం ఎవరివల్లా కాదు కదా.

ఈ మార్పుకి మూలం ఒక దారం. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త టైర్లలో వాడటానికి తేలికైన, గట్టి దారం కోసం వెతుకుతూ కెవ్లార్‌కి దారితీసిన పదార్థాన్ని తయారుచేశారు. అదే బరువున్న ఉక్కుతో పోలిస్తే అది ఐదు రెట్లు బలమైనది. టైరు కోసం మొదలైన దారం, చివరికి టైరు మీద ఊరేగేవాడి ఒంటిమీదకొచ్చింది. రెండోది, భుజాల్లో మోచేతుల్లో పెట్టే మెత్తటి ప్యాడ్లు. కార్న్‌ఫ్లోర్ నీళ్ళలో చిక్కగా కలిపి, మెల్లగా తిప్పితే జారుతుంది, గట్టిగా గుద్దితే రాయవుతుంది. ఈ ప్యాడ్ల తీరూ అలాంటిదే. 2006 టురిన్ శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీయింగ్ చేసేవాళ్ళ దుస్తుల్లో డీ3ఓ అనే ఇలాంటి పదార్థం వాడారు.

ఇదంతా నేను తవ్వడానికి కారణం మా తమ్ముడు. గచ్చిబౌలిలో ఉద్యోగం, రోజూ బండి. "అన్నయ్యా, అక్కణ్ణించి మంచి హూడీ ఒకటి పట్రా, చూస్తే రైడింగ్‌ది అని తెలీకూడదు" అన్నాడు. అమ్మకి మాత్రం వాడి చర్మం మీదే బెంగ.

తీరా చూస్తే దుకాణాల్లో ప్రతి హూడీ మీదా 'కెవ్లార్' అనే ఉంటుంది. అది ఒళ్ళంతా ఉందా, మోచేతి దగ్గర జానెడు ముక్క కుట్టారా? దీనికి జవాబు లోపలి లేబుల్ మీదుంటుంది. యూరప్‌లో 2020లో వచ్చిన ఈఎన్ 17092 ప్రమాణం బండి దుస్తుల్ని ఐదు తరగతులు చేసింది. 'సి' అంటే ప్యాడ్లుంటాయి, కానీ గుడ్డకి రాపిడిని తట్టుకునే హామీ లేదు. 'బి' అంటే గుడ్డ గట్టిదే, ప్యాడ్లు లేవు. 'ఎ', 'ఎఎ', 'ఎఎఎ'లలో రెండూ ఉంటాయి. ఎక్కువగా రోడ్డుకి తగిలే భాగాల గుడ్డని ఈ మూడింటికీ వరసగా 45, 70, 120 కిలోమీటర్ల వేగంతో సమానమైన రాపిడికి పరీక్షిస్తారు.

ఈ లేబుల్‌ని నేనింత పట్టుకోవడానికి ఓ లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో 212 మంది ప్రమాదాల్ని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రమాదంలో 29.7 శాతం జాకెట్లు చిరిగో పిగిలో విఫలమయ్యాయి. అవన్నీ బండి కోసమని కొన్నవే! ఆ తర్వాత 2018లో అక్కడ, న్యూజిలాండులో 'మోటోక్యాప్' అనే పథకం మొదలయ్యింది. అది రక్షణకి వేరుగా, ఎండలో సౌకర్యానికి వేరుగా చుక్కలిస్తుంది. మన వాతావరణానికి రెండో చుక్కలే ముఖ్యం. ఉక్క భరించలేక డిక్కీలో పడేసిన హూడీ ఎవర్నీ కాపాడదు.

హూడీకి దానికున్న పరిమితులున్నాయి. 2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో తీగల వంతెన దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ బండి జారి పడ్డారు. హెల్మెట్ తలని కాచింది, కాలర్‌బోన్ విరిగింది. మంచి జాకెట్టుంటే విరిగేది కాదని నేననను. ఈ బట్టలు ముఖ్యంగా చర్మం దోక్కుపోకుండా, గాయం లోతుగా దిగకుండా ఆపుతాయి. ఎముకల విషయంలో అంత నమ్మకం లేదు. అయినా నెల్లాళ్ళు డ్రెస్సింగులు, చర్మం అతికే ఆపరేషన్లు తప్పితే అది తక్కువ లాభమా?

తమ్ముడికి చివరికి చెప్పింది ఇది: 'ఎఎ' లేబుల్, భుజాలకీ మోచేతులకీ ప్యాడ్లు, ఒంటికి పట్టి ఉండే సైజు. వదులుగా ఉంటే పడినప్పుడు ప్యాడ్ పక్కకి జరుగుతుంది. అంచు దగ్గర జీన్సుకి తగిలించే పట్టీ ఉండాలి, లేకపోతే జారేటప్పుడు హూడీ పైకి లేచి నడుం బయటపడుతుంది. రంగు మాత్రం వాడిష్టం.

మే నెలలో విజయవాడ ఎండలో ఇలాంటిది తొడుక్కుని తిరిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఎన్నాళ్ళు తట్టుకున్నారో చెప్పండి. ఆ పరీక్ష ఏ లేబుల్ మీదా లేదు.