మస్టర్‌లో పేరున్నదా?

గోదావరిఖనిలో ఓ సాయంత్రం చాయ్ హోటల్ ముందట ఒక తండ్రి ఫోన్ మాట్లాడి జేబులో పెట్టుకున్నాడు. 'మా పోరన్ని లేఆఫ్ చేసిండ్రట' అన్నాడు. పక్కనున్న పెద్దాయన సింగరేణిలో చేసి దిగిపోయిన మనిషి. 'సగం జీతమన్నా ఇస్తరు గదా?' అని అడిగాడు. కొడుకు ఉద్యోగం అమెరికాలో. మాట ఒక్కటే అయినా ఇద్దరి మనసులో ఉన్న అర్థాలు వేరు.

లే: ఉంచడం, పెట్టడం, పరచడం. ఇటుక పేర్చినా, రైలు పట్టాలు వేసినా, కోడి గుడ్డు పెట్టినా ఇంగ్లిష్‌లో ఇదే క్రియ.

ఆఫ్: అంటుకుని ఉన్నది విడిపోవడం. రెండూ కలిస్తే 'తీసి పక్కన పెట్టడం'. పక్కన పెట్టినదాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోవచ్చు. పని విషయంలో ఈ మాట మొదట వాడింది కూడా తాత్కాలికంగా ఆపడానికే. 'వాని జోలికి పోకు', 'సిగరెట్ మానెయ్' అని చెప్పేటప్పుడు కూడా ఇంగ్లిష్ వాళ్లు ఇదే మాట వాడుతారు. మన దగ్గర ఆ వాడుక లేదు.

లేఆఫ్: పెద్దాయన అడిగిన సగం జీతం ఊరికే వచ్చిన మాట కాదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ఈ మాటకు నిర్వచనం ఇచ్చింది. బొగ్గు, కరెంటు, ముడిసరుకు అందకనో, తయారైన సరుకు పేరుకుపోయో, యంత్రం చెడిపోయో యజమాని పని చూపలేకపోతే అది లేఆఫ్. కార్మికుడి పేరు మాత్రం మస్టర్ రోల్‌లో ఉండాలి, అతన్ని తొలగించి ఉండకూడదు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ సారం ఇదే.

మస్టర్: నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఈ మాట. బొగ్గుబాయి ఊళ్లలో 'మస్టర్ పడ్డది' అంటే ఆ రోజు హాజరు, ఆ రోజు కూలి. చట్టం లేఆఫ్‌ను ఆ హాజరు పుస్తకానికే కట్టేసింది. కార్మికుడు షిఫ్టు వేళకు గేటు దగ్గరికి రావాలి. వచ్చిన రెండు గంటల్లో పని చూపకపోతే ఆ రోజు లేఆఫ్ కింద లెక్క. ఏడాది సర్వీసు నిండినవాళ్లకు మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం పరిహారంగా ఇవ్వాలి. భూగర్భ గనిలో 190 రోజులు, మిగతా చోట్ల 240 రోజులు చేస్తే ఏడాది నిండినట్టే. హాజరు వేయించుకోవడానికి రోజూ గేటుకు రాకపోతే ఆ సగమూ రాదు. అంటే ఇక్కడ లేఆఫ్‌లో ఉన్న మనిషి టిఫిన్ డబ్బా పట్టుకుని రోజూ పోతూనే ఉంటాడు.

లాకౌట్: యజమాని తాళం వేసి కార్మికులను బయట ఉంచడం. పని చేయకుండా కార్మికులే ఆపితే సమ్మె. ఈ రెంటినీ కలిపేస్తే తప్పు ఎవరిదన్నదే తారుమారవుతుంది.

బంద్: ఉర్దూ మీదుగా వచ్చి మన నోట స్థిరపడిన మాట. కరెంటు, దుకాణం, బడి, అన్నిటికీ ఇదే. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లులో 2014 సెప్టెంబరులో ఉత్పత్తి ఆగితే 'మిల్లు బంద్ పడ్డది' అన్నారు. జేకే పేపర్ సంస్థ చేతికి వచ్చి 2018లో మిల్లు తిరిగి తెరుచుకునేదాకా కాగజ్‌నగర్‌ను ఆ ఒక్క మాటే ఏలింది. ఎవరు మూశారో, మళ్లీ తెరుస్తారో లేదో బంద్ చెప్పదు. అందుకే ఇంగ్లిష్ మాటలు యూనియన్ ఆఫీసుల్లో, లేబర్ కోర్టుల్లో అంత అవసరమయ్యాయి.

ఇక అమెరికా లేఆఫ్. అక్కడా కార్ల ఫ్యాక్టరీల్లో పాత అర్థం పూర్తిగా పోలేదు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఉద్యోగం పోవడమే. వాక్యం కూడా మారింది. కాగజ్‌నగర్‌లో మిల్లు లేఆఫ్ ప్రకటిస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో మనిషే 'లేఆఫ్ అవుతాడు'. పొద్దున లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ పనిచేయదు. హాజరు వేయించుకోవడానికి గేటే ఉండదు. మన చట్టం ప్రకారం దీని పేరు రిట్రెంచ్‌మెంట్, తెలుగులో తొలగింపు. పత్రికలు కూడా అట్లాగే రాయాలని నా కోరిక. మెత్తని మాట పెడితే ఇంట్లోవాళ్లకు ప్రమాదం ఎంతటిదో తెలియదు.

ఆ తండ్రి పెద్దాయనకు ఇదంతా విడమరిచి చెప్పాడు. 'అట్లయితే తీసేసిండ్రను, లేఆఫ్ అంటవేంది' అన్నాడు పెద్దాయన. తండ్రి మాట్లాడలేదు. హెచ్‌-1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆయన వేళ్ల మీద అవే లెక్కబెడుతున్నాడు.