అప్‌గ్రేడ్ చేద్దామా, వద్దా?

మొన్న బుగ్గారం పోతే బాపు అడిగిండు: "మంచిగ నడుస్తున్న కంప్యూటర్‌ను ఎందుకు మార్చుడురా?" 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయిందని, పదకొండుకి టీపీఎం 2.0 కావాలని చెప్పాను.

ఒకప్పుడు మనం మారింది తెలుగు కోసం. విండోస్ 98లో యూనికోడ్ తెలుగంటే డబ్బాలే. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుంది, కానీ రీజినల్ సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్‌కి టిక్కు పెట్టి సీడీ వెయ్యాలి. ఆ సీడీ ఎంతమంది దగ్గరుండేదో చెప్పండి! టిక్కు మరిస్తే వత్తులు విడిపోయేవి. 2007లో విస్టాతో ఆ గొడవ పోయింది. అయితే దానికి కనీసం 512 ఎంబీ ర్యామ్ కావాలి, నాదేమో 256. 2014 ఏప్రిల్‌లో సపోర్ట్ ఆగేదాకా ఎక్స్‌పీతోనే లాగించా.

బాపు మెషీన్‌లో టీపీఎం లేదు. లినక్స్ వేసిచ్చా. తెలుగు పేపర్ చక్కగా కనిపిస్తోంది. స్టార్ట్ బటన్ ఏదని మాత్రం రోజూ ఫోన్ చేస్తున్నాడు.