సార్వా నీళ్ళు – హాజరు పట్టీ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని మన సంఘ కార్యదర్శిగారు అడుగుతూ, "ఆనకట్ట మీద మాత్రం వద్దండీ, ఇప్పటికే నాలుగు వచ్చాయి" అన్నారు. సంఘంలో ఇరిగేషన్ మిత్రులు ఎక్కువ కనుక అది సహజమే. నేను 1965 నుంచి 2001 దాకా బడిపంతులుగా బతికినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్రంతా హాజరు పట్టీలో ఉంది. అయినా ధవళేశ్వరంలో పుట్టినవాడు ఆనకట్ట ఊసు లేకుండా ఏ కథా చెప్పలేడు. మిత్రులు మన్నించాలి.

పిల్లలు బడికి రాకపోవడమనే బాధ ఇంగ్లీషు చదువుతో వచ్చింది కాదు. మద్రాసు గవర్నరు మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లందరికీ ఉత్తరువు చేశాడు. దానికి బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన జవాబులో వీధిబడి హాజరు పద్ధతి ఉంది. తెల్లవారుజామున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడి నుంచి ఒకటి, రెండు, మూడు అంటూ బెత్తం దెబ్బలు పెరుగుతూ పోతాయి. మన పెద్దవాళ్ళు చెప్పిన 'శ్రీ, చుక్క' ఇదే. అసలు రానివాణ్ణి పట్టుకురావడానికి పెద్ద పిల్లలు బయల్దేరేవారు. బడి ఎగ్గొట్టినవాడికి కోదండం సిద్ధంగా ఉండేది. క్రూరమే గాని, ఆ పంతులుకు ఒక్క సంగతి తెలుసు. ఏ పిల్లవాడు రాలేదో తెలియడమే కాదు, వాడి ఇల్లెక్కడో, ఎందుకు రాలేదో కూడా తెలుసు.

1847లో కాటన్ దొర ఇక్కడ పని మొదలుపెట్టాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాయి, వరి పెరిగింది. ఆ దశాబ్దంలోనే నరసాపురం వైపు సబ్ కలెక్టరుగా ఉన్న టేలర్ దొర, రైతులు భూమిశిస్తు మీద కొద్దిపాటి చందా కలిపి ఇచ్చేటట్టు ఒప్పించి ఊళ్ళలో బడులు పెట్టించాడు. నరసాపురంలో టేలర్ హైస్కూలు పేరు అందుకే. మద్రాసు రాజధానిలో జనం సొమ్ముతో బడులు నడపడానికి గోదావరి జిల్లా ఒక నమూనా అయింది. ఆ వసూలుకు చట్టబద్ధత లేదని తేలాక 1863లో మద్రాసు విద్యా చట్టం వచ్చింది. అంటే మన డెల్టాలో నీళ్ళ వెనకాలే బడి వచ్చిందన్నమాట. ఆ నీళ్ళే తరవాత బడికి ఏం చేశాయో చెబుతాను.

అదే రోజుల్లో, 1862లో, ఇంగ్లండులో ఒక కొత్త నిబంధన పెట్టారు. సగటు హాజరును బట్టి పిల్లవాడికి ఇంత, ఇన్‌స్పెక్టరు ఎదుట చదివి, రాసి, లెక్క చేస్తే ఇంత అని బడికి డబ్బిస్తారు. ఆ పద్ధతే ఇక్కడికీ వచ్చి, ఎయిడెడ్ బడులకు 'ఫలితాల గ్రాంటు' అయింది. పంతులు తిండి హాజరు మీద, పరీక్ష మీద ఆధారపడితే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. మన శాఖలన్నిటిలోనూ పట్టీలు రాసినవాళ్ళే ఇది చదువుతున్నారు.

ఇక ధవళేశ్వరం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఇక్కడి ఇంగ్లీషు పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా ఉన్న కాలంలో, 1874లో, బాలికా పాఠశాల స్థాపించారు. అదే ఏడాది 'వివేకవర్ధని' పత్రిక కూడా మొదలుపెట్టారు. స్త్రీలకు చదువెందుకని వాదించిన కొక్కొండ వెంకటరత్నం పంతులుగారితో పత్రికాముఖంగా వాదులాడారు. వాదంలో గెలవడం ఒక ఎత్తు, ఆడపిల్లను రోజూ బల్ల మీద కూర్చోబెట్టడం ఇంకో ఎత్తు. ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో పెళ్ళయిపోయే రోజుల్లో ఆ పిల్లకు బడిలో ఎన్ని సంవత్సరాలు దక్కుతాయి? మన ఊళ్ళో ఆడపిల్ల హాజరు కథ అక్కడ మొదలైంది. 117 సంవత్సరాల తరవాత, 1991 జనాభా లెక్కల్లో కూడా ఆంధ్రప్రదేశ్ స్త్రీల అక్షరాస్యత 32.72 శాతమే.

పేరు రాయించుకోవడం వేరు, నిలవడం వేరు. 1929లో హార్టాగ్ కమిటీ ఈ సంగతి లెక్కకట్టి చూపింది. దేశంలో 1922-23లో ఒకటో తరగతిలో 100 మంది ఉంటే, 1925-26లో నాలుగో తరగతికి చేరినవారు 18 మంది. మిగతా 82 మంది ఒక్క రోజున మానేసినవాళ్ళు కారు. నేను చూసినంతలో ఎవరూ అలా మానరు. ముందు రెండు రోజులు రారు, తరవాత వారం, ఆ తరవాత వచ్చి కూర్చుంటే పాఠం అర్థం కాదు.

మన డెల్టాలో ఆ రెండు రోజులూ ఎప్పుడు వస్తాయో రైతునడిగినా చెబుతాడు. సార్వాకు కాలువలకు నీళ్ళు వదిలేదీ జూన్‌లోనే, బడి తెరిచేదీ జూన్‌లోనే. జూలై, ఆగస్టుల్లో ఊడుపులు. తల్లి చేలోకి దిగితే చంటిపిల్లవాణ్ణి ఎవరు చూడాలి? ఎనిమిదేళ్ళ అక్క చూడాలి. సరిగ్గా ఆ నెలల్లోనే గోదావరి పోటు మీద ఉంటుంది. ఇక్కడి గేజి 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మన మిత్రులకు ఆ అంకెలు కంఠోపాఠం. నాకు వాటి అర్థం వేరు. పడవ ఆగిందంటే లంక పిల్లలెవరూ రారని. బడి పెట్టించిన నీళ్ళే బడి మాన్పించేవి కూడా.

1967లో నేను నాలుగో తరగతి చెబుతున్నాను. ఏ బడో ఇప్పుడెందుకు లెండి. ఒక ఆడపిల్ల ఉండేది. లెక్కల్లో చురుకు, నోటి లెక్కలో మగపిల్లలు ఆమె తరవాతే. ఊడుపులు మొదలయ్యాయి, పిల్ల రావడం మానేసింది. వరుసగా ఇన్నాళ్ళు రాకపోతే పేరు కొట్టేయవచ్చునని నిబంధన. తనిఖీ దగ్గర పడింది. రాని పిల్లల పేర్లు పట్టీలో ఉంటే సగటు హాజరు పడిపోతుంది. ఎర్ర సిరాతో గీత గీశాను. నిబంధన ప్రకారం తప్పేమీ లేదు. వాళ్ళ ఇల్లు మా బడి నుంచి పది నిమిషాల నడక. నేను వెళ్ళలేదు.

ఊడుపులయ్యాక ఆ పిల్ల పలక పట్టుకుని వచ్చింది. పేరు లేదని, తండ్రిని తీసుకురమ్మని చెప్పాను. కూలి మానుకుని ఏ తండ్రి వస్తాడు? రెండు రోజులు అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయింది. ఆ తరవాత రాలేదు.

గైర్హాజరు ఎంత ముఖ్యమని ఎవరైనా అడిగితే నాకు ఆ అరుగే గుర్తుకొస్తుంది. అయినా అంకెలూ చెప్పుకోవాలి. ఏడాదికి 220 పనిదినాలు అనుకుందాం. అమెరికాలో ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో పదో వంతు రోజులు పోగొట్టుకున్న పిల్లల్ని ప్రమాదంలో ఉన్నవారిగా లెక్కిస్తున్నారు. మన లెక్కలో అది 22 రోజులు, నెలకు రెండు రోజుల పైచిలుకు. మనకు బాగా అలవాటైన 75 శాతం నిబంధన ప్రకారం 55 రోజులు రాకపోయినా లోటు లేదు! పైగా రోజులన్నీ ఒకటి కావు. భాగహారం మొదలుపెట్టిన వారం రాని పిల్లకు ఆ ఏడాది లెక్కలే పోతాయి. సమీక్ష జరిగే వారం రాకపోతే ఏమీ పోదు. పట్టీలో రెండింటికీ ఒకటే గుర్తు.

చట్టాలు మారాయి. 1920 నాటి మద్రాసు చట్టంలో నిర్బంధ విద్య అంటే పిల్లవాణ్ణి పంపని తండ్రికి జరిమానా. 2009 విద్యాహక్కు చట్టంలో నిర్బంధం ప్రభుత్వం మీద. ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తొలగించకూడదన్నారు. 1967లో ఆ వాక్యం ఉంటే నా ఎర్ర సిరా ఆగేది. 1975లో మొదలైన అంగన్‌వాడీలు చంటిపిల్లల్ని అక్కల చంకలోంచి దించాయి, అన్ని చోట్లా కాకపోయినా. సుప్రీంకోర్టు 2001లో ఆదేశించాక 2003 నుంచి మన రాష్ట్రంలో బడిలో వేడి అన్నం పెడుతున్నారు. 2024లో దానికి మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. పేర్లు ప్రభుత్వాలతో మారుతుంటాయి గాని, ఈ పేరు మాత్రం నాకు నచ్చింది.

పిల్లల సంగతే చెప్పి మన సంగతి దాచుకుంటే న్యాయం కాదు. 2003లో దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు చెప్పకుండా వెళ్ళి చూసిన సర్వేలో, 100 మందిలో 25 మంది ఉపాధ్యాయులు బడిలో లేరు. ఇది రాస్తే కొందరు తోటి పంతుళ్ళకు కోపం వస్తుందని తెలుసు. పిల్ల రాకపోతే గీత గీశాం. మనం రాకపోతే గీసినవారు లేరు.

1986 ఆగస్టు వరద మీకందరికీ గుర్తే. 16వ తేదీన ఇక్కడ సుమారు 35 లక్షల క్యూసెక్కులు పారింది. లంకల వాళ్ళను తెచ్చి బడుల్లో దించారు. మా బడిలోనూ గదికి నలభై మంది. అన్నం పొట్లాలు పంచుతుంటే ఒకామె, "నన్ను గుర్తుపట్టలేదా మాస్టారూ?" అంది. పట్టలేదు. "నాలుగో తరగతిలో నా పేరు మీరే కొట్టేశారండి" అంది. నిష్ఠూరంగా కాదు, ఫలానావారి అమ్మాయినండి అని చెప్పుకున్నట్టు చెప్పింది. పక్కన తొమ్మిదేళ్ళ కూతురు. అవతల లంకలో మూడో తరగతి.

"బడి లేక నాలుగు రోజులైందండి. పిల్లకు హాజరు పోదు కదా?" అని అడిగింది.

వరదకు సెలవులిచ్చారు, పోదన్నాను.

"ఆ ముక్క కాయితం మీద రాసివ్వండి మాస్టారూ."

నేను ఆ పిల్లకు పంతుల్ని కాను, నా కాగితం ఆ బడిలో చెల్లదు. అయినా బల్ల మీద కూర్చుని, ఫలానా తేదీ నుంచి వరద కారణంగా ఈ బాలిక పునరావాస శిబిరంలో ఉన్నదని రాసి, సంతకం పెట్టి, మా బడి ముద్ర వేసి ఇచ్చాను. ఆమె దాన్ని మడిచి, రేషను కార్డు ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది.

1967 నాటి ఆ పట్టీ కోసం పదవీ విరమణకు ముందు బీరువా అంతా వెతికాను. చెదలు తినగా మిగిలినవి డెబ్బయ్యవ దశకం తరవాతివే. మన సభ్యులలో ఉపాధ్యాయ కుటుంబాలవారు ఉన్నారు. ధవళేశ్వరం, కడియం, ఆలమూరు వైపు బడుల పాత హాజరు పట్టీలు ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే, చిత్తుకాగితాల వాడికి వేయకుండా సంఘ కార్యాలయానికి ఒక కబురు చేయండి. నేనే వచ్చి తీసుకువెళతాను.