న్యాయశాస్త్ర పట్టా లేకున్నా.. చట్టం చదువుకోవచ్చు
పైసా ఖర్చు లేకుండా తీర్పులు, చట్టాలు వెతికే మార్గాలు

కంకిపాడు: తండ్రి పొలంలో పెళ్లయిన ఆడబిడ్డకు వాటా ఉందా? హక్కు వదులుకుంటున్నట్లు కాగితంపై సంతకం అడిగితే ఏం చేయాలి? ఇలాంటి సందేహాలకు పెద్దమనుషులనో, దస్తావేజు లేఖరులనో ఆశ్రయించడం పల్లెల్లో పరిపాటి. అసలు చట్టం ఏమంటున్నదో ఎవరైనా ఉచితంగా చదివి తెలుసుకోవచ్చు.

ఎక్కడ దొరుకుతాయి?
చట్టాల పూర్తి పాఠం కేంద్ర ప్రభుత్వ ‘ఇండియా కోడ్’ వెబ్‌సైట్‌లో లభిస్తుంది. సుప్రీంకోర్టు తీర్పులకు ‘ఈ-ఎస్‌సీఆర్’ 2023 జనవరిలో ప్రారంభమైంది. కొన్ని తీర్పుల తెలుగు అనువాదాలూ ఉన్నాయి. 2008లో మొదలైన ‘ఇండియన్ కానూన్’లో మాటలను బట్టి తీర్పులను వెతకవచ్చు. దానిని రూపొందించిన సుశాంత్ సిన్హా కంప్యూటర్ నిపుణుడే తప్ప న్యాయవాది కాదు. పెండింగ్ కేసు వాయిదా తేదీని ‘ఈ-కోర్ట్స్’లో కక్షిదారు పేరుతోగాని, 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరుతోగాని చూడవచ్చు.

ఎలా వెతకాలి?
ఆడబిడ్డ వాటానే ఉదాహరణగా తీసుకుంటే, ముందుగా హిందూ వారసత్వ చట్టం-1956లోని 6వ సెక్షన్ చదవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించిన సవరణ, ఆ తేదీకి ముందు పెళ్లయిన కుమార్తెలను మినహాయించింది. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడా లేకుండా ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమాన హక్కు ఇచ్చింది.

అయితే 2005 నాటి ఆ తేదీకి తండ్రి జీవించి ఉండాలని ‘ప్రకాశ్-ఫూలవతి’ కేసులో 2015లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఇక్కడితో ఆగిపోయినవారు వాటా లేదనుకుంటారు. 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ‘వినీతా శర్మ’ కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. హక్కు పుట్టుకతోనే వస్తుందని స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు పత్రం ద్వారానో, కోర్టు డిక్రీ ద్వారానో ముగిసిన పంపకాలను మాత్రం సవరణ చట్టం కదిలించదు. తండ్రి స్వార్జితానికి ఈ నిబంధన వర్తించదు.

ఇవి గమనించాలి
* చట్టం అమలులో ఉన్నదో లేదో చూడాలి. 2023 అక్టోబరు 31న రాష్ట్రంలో అమలులోకి వచ్చిన భూహక్కుల చట్టం 2024లో రద్దయింది. భారతీయ శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంతకుముందు జరిగిన నేరాలకు పాత స్మృతే వర్తిస్తుంది.
* దొరికిన తీర్పును తరువాతి తీర్పులు మార్చాయేమో వెతకాలి.
* తీర్పు సారాంశంతో సరిపెట్టుకోక పూర్తిగా చదివి, పేరా సంఖ్యలు రాసుకోవాలి.

ఉచిత న్యాయ సహాయం
చదివి తెలుసుకున్నది న్యాయవాది సలహాకు ప్రత్యామ్నాయం కాదు. దావా వేసేందుకు కాలపరిమితి ఉన్నందున జాప్యం తగదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం-1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసి వివరాలు తెలుసుకోవచ్చు. ఆస్తి పత్రాలతోపాటు రాసుకున్న సెక్షన్, తీర్పు వివరాలను వెంట తీసుకువెళ్తే న్యాయవాదికి విషయం త్వరగా బోధపడుతుంది.