మన ఊరి గాజుగుడ్డ, మన చేతిలో బీమా కార్డు



రాజపాళయం అంటే బయటివాళ్లకు వేటకుక్క, మామిడిపండు, నూలుమిల్లు గుర్తొస్తాయి. ఆస్పత్రి సరుకు కొనేవాళ్లకు మాత్రం మనమూ, పక్కనున్న చత్రపట్టీ గుర్తొస్తాం. ఎక్కడెక్కడి గాయాలకో చుట్టే గాజుగుడ్డ, బ్యాండేజీ మన మగ్గాల మీద నేసినవే. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్లు పెట్టిన సంగతి అందరం చెప్పుకుంటాం. ఈ గుడ్డ కథ ఎవరూ చెప్పుకోరు.

మగ్గం దిగిన గుడ్డ నీళ్లు పీల్చదు. పత్తిలో మైనం, పడుగులో గంజి ఉంటాయి. కాస్టిక్ సోడాలో ఉడికించి మైనం తీస్తారు. క్లోరిన్ మందుతోనో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో తెల్లబరుస్తారు. 1867లో లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో పుండు కుళ్లకుండా చేశాడు. 1880లో గామ్‌జీ, మైనం తీసిన దూదిని గాజుగుడ్డ మధ్య పెట్టి రసి పీల్చే కట్టు తయారుచేశాడు. మన పని ఆ దారిలోదే.

అయితే గాయం మానడానికి వాడిన మందే గుడ్డలో మిగిలిపోతే గాయానికి చేటు. అందుకే జాడించడం అసలు పని. నీళ్లు ఖర్చు, వేళ ఖర్చు; తగ్గించాలనిపించేదీ అక్కడే. దూదికి ఫార్మకోపియా పెట్టిన పరీక్షలు చూడండి: నీళ్లలో 10 సెకన్లలోపు మునగాలి, కుదిపితే నురగ నిలవకూడదు, అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరవకూడదు. చొక్కాకు వేసే తెల్లమందు పడితే నీలంగా మెరుస్తుంది. కంటికి మల్లెపువ్వులా ఉన్నంత మాత్రాన మంచి గుడ్డ కాదన్నమాట. క్రిములు చంపడానికి వాడే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు సంగతీ అంతే. అది మనుషులకు క్యాన్సర్ కారకమని 1994లో అంతర్జాతీయ సంస్థ తేల్చింది. వాడాక గాలి పట్టించి పూర్తిగా పోనివ్వాలి.

2017 వైద్య పరికరాల నిబంధనల్లో కట్టుగుడ్డలను, బ్యాండేజీలను పేరుపెట్టి చేర్చారు. 2018 జనవరి 1 నుంచి అమలు.

ఇక బీమా. 2007లో ఆంధ్రలో ఆరోగ్యశ్రీ వచ్చింది. మనకు 2009లో కలైఞర్ కాప్పీట్టు తిట్టం, 2012లో ముఖ్యమంత్రి సమగ్ర బీమా వచ్చాయి. 2018లో కేంద్ర పథకంతో కలిశాక కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఆపరేషన్ అంటే పొలం తాకట్టు పెట్టిన రోజులు చూసినవాళ్లకు దీని విలువ తెలుసు.

కానీ ఆ పథకంలో ఒక్కో ఆపరేషన్‌కు ఒక మొత్తం ముందే కట్టేసి ఉంటుంది. మందు, సూది, కట్టుగుడ్డ అన్నీ అందులోనే. కాబట్టి చవక గుడ్డ కొంటే ఆస్పత్రికి మిగులు. కార్డు మంచం ఇప్పిస్తుంది. గుడ్డ బాగా జాడించారా అని అడగదు.

అడగాల్సింది మనమే, ఎందుకంటే ఈ కథలో మనం రెండువైపులా ఉన్నాం. నేయించేది మనం, రేపు కట్టించుకునేదీ మనమే. ధర తగ్గించమంటే నూలులో బేరమాడుదాం, జాడింపులో మాత్రం వద్దు. పొట్లం మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు చూసే అలవాటు ఇంట్లో పిల్లలకు నేర్పుదాం. కార్డు ఇంకా తీసుకోని అర్హులు మన సావడిలో ఉంటే, వచ్చే కూటానికి రేషన్ కార్డు, ఆధార్ పట్టుకురమ్మనండి. దరఖాస్తుకు తోడుంటాం.