సర్పగంధి వేరు: తెలిసినవాళ్లు, లెక్క రాసినవాళ్లు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

సర్పగంధి మన తూర్పు కనుమల్లో కూడా పెరిగే చిన్న మొక్క. పాము కాటుకి, మతి చెడినవాళ్లకి దీని వేరు వాడటం మన దేశంలో చాలా పాత అలవాటు. శాస్త్రవేత్తలు మాత్రం దీన్ని రావుల్ఫియా అంటారు. అది 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడి పేరు. అడవిలో ఈ వేరు గుణం కనిపెట్టినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

1931లో కలకత్తా డాక్టర్లు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు బీపీ తగ్గిస్తుందని రాశారు. బయటి దేశాలవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత బొంబాయి గుండె డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగులకి వేరు మాత్రలు ఇచ్చి, మందుకి ముందూ తర్వాతా బీపీ కొలిచి రాసుకున్నాడు. 1949లో ఆ లెక్క బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో అచ్చయ్యాకే ప్రపంచం చెవిన పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సిబా కంపెనీవాళ్లు వేరులోంచి రిసర్పిన్ అనే మందు తీశారు.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. బీపీ అంకె తగ్గితే మనిషికి మేలు జరుగుతుందా? అప్పట్లో డాక్టర్లకే ఆ అనుమానం ఉండేది.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఎడ్వర్డ్ ఫ్రీస్ బృందం దీన్ని పరీక్షించింది. కింది బీపీ 115 నుంచి 129 దాకా ఉన్న 143 మంది మగవాళ్లని తీసుకున్నారు. 73 మందికి రిసర్పిన్‌తో పాటు ఇంకో రెండు మందులు, 70 మందికి మందు లేని ఉత్త మాత్రలు. ఎవరికి ఏది వెళ్తుందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. 1967లో ఫలితం వచ్చింది. ఉత్త మాత్రల గుంపులో 27 మందికి ప్రమాదకరమైన జబ్బులు వచ్చాయి, వాళ్లలో 4గురు చనిపోయారు. మందు గుంపులో అలా అయింది ఇద్దరికే, చావు ఒక్కటీ లేదు. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి పరీక్ష ముందే ఆపేశారు.

లెక్కలోనే ఇంకో సంగతి కూడా బయటపడింది. రిసర్పిన్ ఎక్కువైతే కొందరికి మనసు బాగా కుంగిపోతుంది. ఇప్పుడు దాన్ని చాలా తక్కువగా వాడుతున్నారు, అంతకన్నా మంచి మందులు వచ్చాయి.

ఇందులో మనకి రెండు మాటలున్నాయి. ఒకటి, మన పెద్దల తెలివి తక్కువది కాదు. కానీ రాసి, కొలిచి చూపించకపోతే పేరు ఇంకొకరిది అవుతుంది. మనలో నర్సింగ్, ఫార్మసీ, బోటనీ చదివేవాళ్లున్నారు. ఆ లెక్క ఇకమీదట మనమే రాయాలి. రెండు, నొప్పేమీ లేదు కదా అని అవ్వ, తాత బీపీ మాత్రలు మానేసి వేరు నూరుకుంటామంటే వద్దని చెప్పండి. ఏ వేరులో ఎంత మందు ఉందో కంటికి కనిపించదు. బీపీ కూడా అంతే, కొలిస్తేనే తెలుస్తుంది.