మూడు మూలల ఎర్రగుడ్డ: భద్రాచలం సీమలో పందొమ్మిదో శతాబ్ది చిత్రకళ

పందొమ్మిదో శతాబ్ది స్థానిక చిత్రకళ అనగానే మ్యూజియంలో మన కళ్లు చిత్రకారుడి పేరు, గీసిన సంవత్సరం, గోడకు తగిలించిన చట్రం వెతుకుతాయి. రవివర్మ తైలవర్ణ చిత్రాలకు ఇవన్నీ ఉన్నాయి. చేర్యాల నకాషీ పటాలకు పేరు తరచూ దొరకకపోయినా రంగూ కుంచే ఉన్నాయి కనుక వాటిని చిత్రాలుగా ఒప్పుకున్నాం. ఇదే కొలబద్దతో ఖమ్మం–భద్రాచలం అడవి సరిహద్దుకు వస్తే ఆ శతాబ్దమంతా ఖాళీగా కనిపిస్తుంది. భద్రాచలం ఐటీడీఏ ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది, హైదరాబాదు మాసబ్‌ట్యాంకులో మరొకటి ఉంది. అయితే గిరిజన మ్యూజియం అన్న పేరే సందర్శకుణ్ని జీవనవిధానం చూడటానికి సిద్ధం చేస్తుంది, కళాచరిత్ర చూడటానికి కాదు. ఈ సీమకు పందొమ్మిదో శతాబ్ది చిత్రశాల ఉందనీ, అది కోయల ఇలవేల్పు గుడ్డ అయిన పడిగె అనీ ఈ వ్యాసం వాదం.

లిఖిత ఆధారం పరాయి చేతి నుంచే వచ్చింది. నిజాం 1860లో గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిష్‌వారికి వదులుకున్నాడు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరాయి. దుమ్ముగూడెంలో ఉన్న చర్చి మిషన్ పాదిరీ జాన్ కెయిన్ 1876లో ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో ఈ తాలూకాల గురించి రాశాడు. కోయల గురించి అతను రాసినదాన్ని థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించిన తన 1909 నాటి సంపుటాల్లో విస్తారంగా వాడుకున్నాడు. అక్కడ వేల్పు వర్ణన స్పష్టంగా ఉంది: మూడు మూలల పెద్ద ఎర్రగుడ్డ, దాని మీద తెలుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు గుడ్డల్లో కత్తిరించి కుట్టిన పూర్వీకుల బొమ్మలు. గట్టులో, అంటే కోయల వంశ విభాగంలో, ముఖ్యుడైన మగవాడు చనిపోతే అతని గుర్తుగా మరో బొమ్మ చేరుతుంది. గుడ్డ గట్టు పెద్ద దగ్గర ఉంటుంది. అతను దాన్ని ఏడాదికోసారి గట్టులోని వారందరి దగ్గరికీ తిప్పుతాడు. పాదిరీ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలని అడగవచ్చు. బొమ్మల పనితనాన్ని మోటుదిగా చూసిన తీర్పును పక్కన పెట్టవలసిందే. కుట్టు, రంగు, ఊరేగింపు వివరాలను కల్పించవలసిన అవసరం మాత్రం అతనికి కనబడదు. పైగా పాదిరీ ఉన్నది ఎడమ ఒడ్డున. పడిగె బొమ్మల వంశక్రమాన్ని చెప్పే డోలి గానానికి 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్యది కుడి ఒడ్డున మణుగూరు మండలంలోని కూనవరం. పరిపాలన సరిహద్దు నది దగ్గర ఆగింది గానీ పాట ఆగలేదు.

కత్తిరించిన గుడ్డ చిత్రం ఎలా అవుతుందన్నది మొదటి అభ్యంతరం. కుంచె లేకపోవచ్చు, గీత ఉంది. దాన్ని కత్తెర గీస్తుంది. ఎర్రటి నేల మీద విడివిడి రంగుల ఆకారాలను ఏ వరసలో, ఎంత ఎడంతో నిలపాలన్నది కూర్పు సమస్యే. చనిపోయేవారు ఇంకా ఉంటారు కనుక కుట్టే మనిషి రాబోయే బొమ్మకు చోటు ఆలోచించక తప్పదు. చట్రంలో పూర్తయిన తైలచిత్రానికి ఈ చిక్కు లేదు. బెనిన్‌లోని అబోమేలో రాజుల చిహ్నాలను గుడ్డ ముక్కలుగా కుట్టిన పటాలను ప్రపంచం రాజకళగా గౌరవిస్తుంది. ఆ రాజప్రాసాదాలు 1985లో యునెస్కో జాబితాకెక్కాయి. పద్ధతి దాదాపు ఒకటే. ఒకదాన్ని కళ అనీ, మరొకదాన్ని ఆచార వస్తువనీ పిలవడానికి రాజు ఉండటం తప్ప నాకు కారణం కనిపించదు.

కాలనిర్ణయం ఇంతకన్నా గట్టి అభ్యంతరం. గుడ్డ పాతబడితే మారుస్తారు. మార్చిన గుడ్డను పందొమ్మిదో శతాబ్దిదని ఎలా అంటాం? అద్దకం కొంత చెప్పగలదు. ఎర్రరంగు పదార్థమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది 1868లో. అంతకుముందు తెలుగునాట ఎరుపుకు చిరివేరు పేరుపడింది. అలిజరిన్ ప్రయోగశాల రంగులోనూ చిరివేరులోనూ ఉంటుంది, అందుచేత దాని వెంట కలిసి ఉండే ఇతర రంగు పదార్థాలను పరీక్షించాలి. ఈ పరీక్ష గుడ్డ వయసునే సూచిస్తుంది, బొమ్మ వయసును కాదు. పాత బొమ్మను విప్పి కొత్త గుడ్డకు కుట్టి ఉండవచ్చు, కొత్త బొమ్మను పాత గుడ్డకూ కుట్టి ఉండవచ్చు. అందుకే ఒకే సంవత్సరం వేసిన లేబుల్ ఇక్కడ అబద్ధమవుతుంది. నేల గుడ్డకు ఒక కాలం, ప్రతి బొమ్మకూ దాని కుట్టును బట్టి మరో కాలం, డోలి గాయకుడు చెప్పే వంశక్రమాన్ని బట్టి మూడో వరస, ఈ మూడింటినీ విడిగా చూపాలి. అవి పొసగనిచోట పొసగలేదనే రాయాలి. పాట చెప్పే క్రమం చరిత్ర కాదని కొట్టిపారేయడం తొందరపాటు. బొమ్మ ఎవరిదో చెప్పగల సాక్ష్యం అదొక్కటే.

మ్యూజియంలో పెడితే వేల్పు వేల్పుగా మిగలదన్న అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఊరేగే పడిగెను అద్దాల పెట్టెలో బంధించడం నిస్సందేహంగా తప్పు. వాడుక నుంచి తప్పించిన పాత గుడ్డను గట్టు పెద్దలు ఇష్టపడి ఇస్తే ప్రదర్శించవచ్చు. ఇవ్వకపోతే ఆ గట్టు కోసమే కొత్త గుడ్డ కుట్టించి, అది కొత్తదని లేబుల్‌పై రాసి, పక్కన డోలి పాట వినిపించవచ్చు. పండుగ రోజుల్లో గుడ్డను తిరిగి తీసుకెళ్లే హక్కు గట్టుకు ఉండాలి. ఆ రోజుల్లో వచ్చిన సందర్శకుడికి ఖాళీ గోడా, గుడ్డ ఏ ఊరికి వెళ్లిందో చెప్పే చీటీ కనిపిస్తాయి.